చెయ్యి అరువిచ్చిన పేట

మద్దిలేటి బరువుపీటను తడిగుడ్డతో తుడిచి, తలుపు సందుకి ఆనించి, పొద్దుటి నుంచి అంటున్న మాటే మళ్లీ అన్నాడు. "అక్కా, అరచెయ్యి."

నీడపేటలో తలుపులు అరచెయ్యి దూరేటంత మాత్రమే తెరుచుకుంటాయి. అంతకు మించి తెరిస్తే ఎండ చుట్టంలా లోపలికొచ్చి కూర్చుంటుంది, సాయంత్రం దాకా లేవదు. అది మామూలు ఎండ కాదు. ఈ చూరు మీంచి ఎగిరిన కాకి ఆ చూరు మీదికి వేపుడై చేరుతుంది. అందుకే వీధి పొడుగునా పైన నీడరేకులు కట్టారు. అవి చిరిగిన చోట ముసలివాళ్లు కూడా పరుగెత్తుతారు.

చెయ్యి బయటికొచ్చింది. పీట కాసేపు గునిసి, "తేలిక" అంది.

"అంతా బాగుండారా అక్కా?"

"మాకేం, గుండ్రాళ్ల మాదిరుండాం. నువ్వే వడిలిన వంకాయ మాదిరుండావు. పో, నీళ్లు తాగు."

తలుపు మూసుకుంది.

మద్దిలేటి మనోసేవ మనిషి. ముందు డప్పు కొట్టి, "మనసు బరువైతే దాచుకోవద్దు, చెప్పుకుంటే సిగ్గు లేదు" అని చాటాలి. తర్వాత మనసు బరువు తూచే ఈ పీటను ఇంటింటికీ మొయ్యాలి. చాటీ చాటీ గొంతు ఎంత బొంగురుపోయిందంటే, గాడిదలు కూడా అతన్ని చూసి జాలిపడి దారి ఇస్తున్నాయి. అయినా ఒక్కరు వచ్చి చెప్పుకున్న పాపాన పోలేదు. చెప్పుకుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. పీట "బరువు" అందంటే నిమ్మళవాసం బండి వస్తుంది. ఒక్క మంచమున్న బండి. ఒక్కరినే ఎక్కించుకుపోయి, తెల్లగదిలో, తేలికయ్యేదాకా ఒంటరిగా ఉంచుతుంది.

మెడలో బిళ్లలా వేలాడుతూ పైవాళ్ల మాట వినిపించే పైగొంతు పలికింది. "ఇక చివరి ఇల్లు. అదీ తేలికైతే ఇది తేలికపేట. పీట మళ్లీ ఇక్కడికి రానవసరం లేదు."

కాయలు కాచిన భుజానికి ఆ మాట వెన్న రాసినట్టుంది. కానీ చివరి ఇల్లు సుంకులమ్మది. ఆమె మొగుడు ఈరన్న పోయిన వేసవిలో చిరిగిన నీడరేకు కుట్టబోయి, పైనుంచి పడి చనిపోయాడు. అక్కడ తేలిక రాదని మద్దిలేటికి ముందే తెలుసు.

చెయ్యి బయటికొచ్చింది. పీట "తేలిక" అంది.

ఆ బొటనవేలి మీద పాత కాలిన మచ్చ, అట్లకాడ కొసలా. ఆ మచ్చని ముందింట్లో చూశాడు. దాని ముందింట్లోనూ చూశాడు. అలిసిన మనిషికి చెయ్యి కనపడుతుంది గానీ, అది ఎవరిదో తట్టదు. ఇప్పుడు తట్టింది.

"ఓబుళక్కా, నీ ఇల్లు వీధి మొదట్లో గదా?"

లోపల గొల్లున నవ్వు. "దొరికిపోతిమి! రాప్పా లోపలికి. ఎండ గూడా వస్తాది, రానీ."

లోపలికెళ్లి చూస్తే, ఇళ్ల వెనక వసారాలన్నీ ఒకదాన్లోంచి ఒకటి తెరుచుకుని ఉన్నాయి. పేట ఆడవాళ్లంతా ఒక్కచోట చేరి చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. మద్దిలేటి ముందుదారిన పీట మోస్తుంటే, ఓబుళమ్మ వెనకదారిన చెయ్యి మోసింది.

"ఇదేం పని అక్కా?"

"తోడుకు మజ్జిగ అడిగితే లేదంటామా? చెయ్యి అడిగినారు, ఇస్తి. నా గుండె దూదిమూట, ఊరందరికీ సరిపోతాది." నవ్వు ఆగింది. "లింగమ్మను తీసకపోతిరి గదప్పా. బరువు తగ్గే వచ్చింది. మాట గూడా పోయి వచ్చింది. ఈ పిల్లనూ ఇయ్యమంటావా?"

సుంకులమ్మ గోడవారన కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో, పక్కన ముట్టని అన్నం.

"ఇట్ల దాస్తే ఈమె మిగులుతాదా అక్కా? మందన్నా పడొద్దా?"

"డాక్టరమ్మ ఈడికే వస్తే వద్దంటామా? మా మధ్యన కూచోబెట్టుకుని చూపిస్తాం. మీ బండికైతే ఇయ్యం."

పైగొంతు పలికింది. "పేట తేలిక. సేవకుడు అవునని చెప్పాలి."

అవునంటే సుంకులమ్మ మందూ మాకూ లేక ఈ గోడకే కరిగిపోతుంది. కాదంటే తెల్లగదిలో. ఆ రెంటి మధ్య నిలబడలేక మద్దిలేటి కూలబడ్డాడు.

సుంకులమ్మ తలెత్తింది. "అన్నా, నీ చెయ్యి ఎప్పుడన్నా పెట్టినావా దానిమీద?"

"మాకు చూడరమ్మా. మేం మోసేటోళ్లం."

"పెట్టు."

పెట్టాడు. పీట అంత గట్టిగా అరవగలదని మోసే అతనికే తెలియదు. "బరువు!"

చింతపండు కొట్టే చప్పుడు ఆగింది. సుంకులమ్మ జరిగి వచ్చి, ఎండుటాకులాంటి తన చెయ్యి అతని చేతిమీద పెట్టింది. పీట కాళ్లు కిర్రుమన్నాయి. "నాది ఒట్టి దూదే అనుకుంటిరా?" అంటూ ఓబుళమ్మ తనదీ వేసింది. ఈసారి నవ్వలేదు. ఒక్కొక్కరే వచ్చి, పులుపంటిన చేతులన్నీ కలిపారు.

"బరువు. ఎవరిది?" అడిగింది పైగొంతు.

"పేటది," అన్నాడు మద్దిలేటి.

"పేటకు అరచెయ్యి లేదు. ఒక్క పేరు చెప్పాలి."

తన పేరే చెప్పేద్దామా అనిపించింది. తెల్లగదిలో పడి నిద్రపోవడం, నిజం చెప్పాలంటే, అంత చెడ్డగా తోచలేదు. కానీ కింద పీట, పైన ఇన్ని చేతులు.

"పేటదే. డాక్టరమ్మను పంపండి. ఈడికే."

పైగొంతు పుట్టిన తర్వాత మొదటిసారి, పేరు లేకుండానే బండిని పిలిచింది. కాసేపటికి నిమ్మళవాసం బండి వచ్చి వీధి మొగలో ఆగింది. ఉన్న ఒక్క మంచం ఎవరికి వెయ్యాలో తెలియక, చిరిగిన నీడరేకు కింద, ఎండలో మూలుగుతూ నిలబడింది.

సుంకులమ్మ పీటమీది చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో చింతపండు కుప్పను మద్దిలేటి ముందుకు తోసింది.

"ఉత్తగ ఎందుకు కూచుంటావన్నా. గింజ తియ్యి."