బార్లెలో మిడ్డాహ్

రిక్ నేలకూలేసరికి తల బెల్జియంలో, కాళ్లు హాలండ్‌లో పడ్డాయి. బార్లె ఊళ్లో సరిహద్దు కాఫీ హోటళ్ల ముందు నుంచే పోతుంది. పేవ్‌మెంట్ మీద దాన్ని తెల్లగా గీశారు. ఆ తెలుపు మీద ఇప్పుడు రక్తం పారుతోంది.

డచ్చి గూఢచారి విబె తెర్ప్‌స్ట్రా వంగి చెవి ఆనించాడు. డొక్కలో కత్తి దిగబడిన ఆ బెల్జియం వేగు రెండే మాటలు అనగలిగాడు.

"బ్రాండ్స్మా... మిడ్డాహ్."

అంతే, ప్రాణం పోయింది. విబె ఫోన్ తీశాడు.

"మేడమ్, రిక్‌ని చంపేశారు. ప్రొఫెసర్ బ్రాండ్స్మా మీద దెబ్బ మిడ్డాహ్‌కట."

"అంటే మధ్యాహ్నం భోజనాలయ్యాకేగా. నాలుగింటి ఉపన్యాసంలోనే వేసేస్తారన్నమాట," అంది బాస్. "ఆలోగా హాలంతా జల్లెడ పట్టించు. ఆయన పోతే మన కొంప కొల్లేరే."

ఈ ఇరుగుపొరుగు దేశాల్లో ఎక్కడ బతుకు హాయిగా ఉంటుందో ప్రొఫెసర్ బ్రాండ్స్మా ఆ రోజు ప్రకటించబోతున్నాడు. ఆ డచ్చి మేధావిని బెల్జియం గడ్డ మీద చంపితే రెండు దేశాలూ జుట్లు పట్టుకుంటాయని ఒక విదేశీ ముఠా పన్నాగం.

హాలు వెతకడానికి మనుషుల్ని పంపి, విబె కాఫీ హోటల్లో కూర్చున్నాడు. ఎదురుగా బెల్జియం ఏజెంట్ అన్నెలోర్, ఎర్ర కోటులో. ఆమెను చూస్తే అతని బుర్ర సగమే పనిచేస్తుంది. ప్రభుత్వం జీతం మాత్రం పూర్తిగానే ఇస్తోంది.

"మీ రోడ్ల మీద కారెక్కితే నడుములు విరుగుతాయి," అన్నాడు విబె.

"మీ ఇళ్లలో కాళ్లు చాపితే గోడ తగుల్తుంది! నవ్వడానిక్కూడా డైరీ చూసుకునే జనం మీరు."

"సరేలే తల్లీ, మిడ్డాహ్‌కి హాలు దగ్గర కలుద్దాం."

ఆమె పకపకా నవ్వింది. "ఇదేగా మిడ్డాహ్, పిచ్చివాడా! ఊరంతా భోంచేస్తోంది. భోజనాలయ్యాక వచ్చేది నామిడ్డాహ్. మీ భాష కూడా మేమే నేర్పాలా?"

చర్చి గంటలు పన్నెండు కొడుతున్నాయి. విబెకి అప్పుడు వెలిగింది. రిక్ బెల్జియం వాడు, వాడి నోట మిడ్డాహ్ అంటే మిట్టమధ్యాహ్నమే! రోడ్డుకి అవతల, బెల్జియం వైపు హోటల్లో ప్రొఫెసర్ ఇప్పుడే భోజనానికి కూర్చున్నాడు.

అతను లేచాడు. ఆమె నవ్వు మాయమైంది. చేతిలోని లిప్‌స్టిక్ నుంచి విషపు సూది బయటికొచ్చింది.

"కూర్చో విబె. నిన్ను చంపాలని నాకు లేదు."

ఆమె ఆ ముఠా మనిషే; వాదనలో గెలవాలన్న సరదాలో అసలు వేళ బయటపెట్టేసింది. విబె బల్లను ఆమె పొట్ట మీదికి తోశాడు. సూది అతని చొక్కా చీల్చింది. మణికట్టు పట్టి మెలిపెట్టాడు. ఎముక పటుక్కుమంది, సూది ఆమె తొడలోనే దిగింది. నురగలు కక్కుతూ ఒరిగిపోయింది. అతని గుండె కలుక్కుమంది, కానీ ఏడవడానికి తీరిక లేదు.

రోడ్డు దాటాడు. అద్దం తలుపు వెనుక వెయిటర్ సూప్ గిన్నె మూత తీస్తున్నాడు. అందులోంచి సైలెన్సర్ పిస్తోలు పైకి లేచింది, ప్రొఫెసర్ నుదుటికేసి తిరిగింది.

విబె అద్దంలోంచే కాల్చాడు. గుండు వాడి భుజం చీల్చినా పిస్తోలు దిగలేదు. రెండో గుండు కనుబొమల మధ్య దిగింది. వాడు బోర్లా బల్ల మీద పడి, ప్రొఫెసర్ ఒళ్లంతా నెత్తురుతో తడిపేశాడు.

ప్రొఫెసర్ చెంచా కింద పెట్టాడు. "భోజనం విషయంలో బెల్జియానికి పూర్తి మార్కులు వేశానయ్యా. తగ్గించాలేమో."

"తగ్గించండి," అన్నాడు విబె ఆయాసపడుతూ. "మన దగ్గరైతే ఈ వేళకి రొట్టె మీద చీజ్ ముక్కేగా. అందులో పిస్తోలు ఎవడు దాస్తాడండీ?"