షాఫ్టు ముందర మూడు బెల్లులు

చాంపియన్ రీఫ్స్‌లో మూతబడిన ఆ బంగారు గని షాఫ్టు ముందర దీపం నిలవదని పేరు. వెలిగిస్తే ఆరిపోతుందట. ఆ వెంటనే మూడు బెల్లులు మోగుతాయట — లోపలి మనుషుల్ని పైకి లాగమని, గనులు నడిచే రోజుల్లో కొట్టినట్టే.

నాగరత్న ఇవన్నీ నమ్మే మనిషి కాదు. కూతురు శ్రీరక్ష టెంటు, టెంటు అని ప్రాణం తీస్తే, అత్త పిల్లమ్మ "అయితే మీ తాత దిగిన షాఫ్టు కాడే వేద్దాం" అన్నది. ముగ్గురూ ఆండర్సన్‌పేట నుంచి ఆటోలో వచ్చినారు. పిల్లకి ఉబ్బసం. మందు ఆవిరి పట్టే మిషను కోసం చిన్న ఇన్వర్టరు తెచ్చుకున్నారు. మూడొందల వాట్లు.

"మిషనూ, ఒక లైటూ. ఇంకేమన్నా తగిలిస్తే పడుకుంటాది," అని అంగడాయన చెప్పే పంపినాడు.

నడిరాత్రి పిల్లకి పిల్లికూతలు మొదలైనాయి. నాగరత్న మాస్కు తగిలించింది. మిషను గుర్రుమంది...

లైటు ఆరింది. మిషను ఆగింది.

కుయ్ — కుయ్ — కుయ్.

బటన్ నొక్కింది. వెలిగింది... ఆరింది. మళ్ళీ మూడు.

"ఊపిరాడటం లేదు అమ్మా," శ్రీరక్ష గొణిగింది. "తాత పైకొస్తా ఉండాడేమో..."

"నోరు మూసుకోనుండవే."

అత్తను లేపుదామని తడిమితే — దుప్పటే ఉంది. మనిషి లేదు.

సెల్లు వెలుగులో ప్లగ్గులు చూసింది. తాను పెట్టినవి రెండు. ఉన్నవి మూడు. మూడో వైరు టెంటు గుడ్డ కింద నుంచి బయటికి... షాఫ్టు వైపుకి.

పీకేసింది. బటన్ నొక్కింది. లైటు నిలిచింది. పిల్ల ఊపిరి మెల్లగా కుదురుకుంది.

అప్పుడు — చేతిలోని వైరును అవతల నుంచి ఎవరో లాగినారు.

"ఎవరూ...?"

"ఎందుకే పీకేసినావు?"

పిల్లమ్మ. గుడ్డెత్తి బయటికొస్తే, ఆమె ముందర బకెట్టు, అందులో నీళ్ళు కాచే రాడ్డు.

"వెయ్యి వాట్ల రాడ్డు అత్తా అది. లైటు ఆరి, ఇన్వర్టరు బెల్లు కొడతా ఉంటే తీసేయద్దా?"

"ఎట్ట తీసేది? మూడు కొడతా ఉండారు కదా. షిఫ్టు ముగించి పైకొచ్చేసరికి నీళ్ళు కాగల్ల. మీ మామ చన్నీళ్ళు పోసుకోడు."

మామ పోయి తొమ్మిదేండ్లు.

"అమ్మా, దెయ్యం దొరికిందా?" టెంటు లోపల నుంచి.

"దొరికింది. బకెట్టు పెట్టుకోని కూచోనుండాది."

పిల్లమ్మ నీళ్ళలో వేలు పెట్టి చూసింది. ముఖం చిన్నబోయింది. నాగరత్న మూడు రాళ్ళు చేర్చింది. పుల్లలు ఏరి, మంట పెట్టి, నీళ్ళు గిన్నెలోకి వంచింది.

"ఎంత కాగాల అత్తా?"

"నేను చూసుకుంటా. నువ్వు లోపలికి పోమ్మా..." పిల్లమ్మ గొంతు తగ్గించింది. "కోడలి ముందర మీ మామ నీళ్ళు పోసుకోడు."