నాడి ఆగిన పాఠం

మాస్టారు చచ్చిపోతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు.

తొమ్మిదో తరగతి మొత్తం స్కూలు హాల్లోనే ఉంది. మాస్టారు వేదిక మీద కుర్చీలో కూర్చుని గొంతు పట్టుకున్నాడు. ముఖం ఉబ్బిపోయింది. పెదాలు నీలంగా మారాయి. కుర్చీలోంచి జారి కింద పడి కాళ్ళు తపతపా కొట్టుకున్నాడు.

చప్పట్లు ఇంకా పెరిగాయి. వెనక బెంచీ నుంచి ఎవరో ఈల కూడా వేశారు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి శవం మీద దుప్పటి కప్పి ఉంది. పిల్లల్ని పంపించేశారు.

"ఒక్కళ్ళూ లేచి రాలేదా?" అనడిగాడు.

హెడ్‌మాస్టరు మెడ తుడుచుకున్నాడు. "ఆయనే రావద్దన్నాడండీ."

"ఎవరు?"

"పోయినాయనే."

పోయినాయన సైన్సు చెప్పేవాడు. అందరూ గారడీ మాస్టారనే పిలిచేవారు. వారానికోసారి పిల్లల ముందు ఒక గారడీ చేసేవాడు. నిప్పు మింగేవాడు. చెంచాలు వంచేవాడు. పరాయివాళ్ళ మనసులో మాట చెప్పేవాడు. తర్వాత గుట్టు విప్పేవాడు. 'మిమ్మల్ని మోసం చెయ్యడం ఎంత తేలికో చూశారా?' అనేవాడు. ఆయన పెట్టిన రూలు ఒక్కటే. వేదిక మీద ఏం జరిగినా, అరిచినా, పడిపోయినా, బెంచీ దిగకూడదు. ఎలా జరిగిందో ఆలోచించాలి. బెంచీ దిగినవాడు ఆ వారమంతా క్లాసుకి నవ్వులాటే.

"ఈరోజు ఏం చేశాడు?"

"గుండె ఆపుతానన్నాడు."

డాక్టర్ ఫోను చేశాడు. వేరుశెనగ ఎలర్జీ. ఒక చుక్క లోపలికి వెళ్ళినా గొంతు మూసుకుపోయే రకం. స్కూల్లో అందరికీ తెలుసు. అందుకే కోటు జేబులో ఎప్పుడూ ఒక ఇంజెక్షన్ పెన్ను ఉండేది. టైముకి పొడిస్తే మనిషి బతుకుతాడు.

పెన్ను పొడిచారు. పొడిచింది స్కూలు నర్సు. ఆలస్యంగా.

పిల్లలూ పెద్దలూ కూడా ఆమెను నర్సమ్మ అనేవారు. యాభైకి దగ్గరలో ఉంది. సిక్‌రూమ్‌లో మంచం చివర ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"మీరు వేదిక మీదెందుకున్నారమ్మా?"

"నాడి చూడ్డానికి సార్. నర్సు చెబితే పిల్లలు నమ్ముతారని నన్ను పెట్టుకున్నాడు."

"ఆ ట్రిక్ మీకు తెలుసా?"

"తెలుసు. చంకలో రబ్బరు బంతి పెట్టుకుని చెయ్యి ఒంటికేసి నొక్కితే, ఆ చేతికి రక్తం సరిగ్గా పారదు. మణికట్టు దగ్గర నాడి అందదు. గుండె మామూలుగానే కొట్టుకుంటుంది. నిన్న రిహార్సల్ కూడా నాతోనే చేశాడు."

"ఆయాసపడుతుంటే ఏమనుకున్నారు?"

"నటన అనుకున్నాను. పిల్లలూ అలాగే అనుకున్నారు కదా సార్."

 ఇన్‌స్పెక్టర్ తలూపి బయటికొచ్చాడు.

గేటు దగ్గర పదిమంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో తెల్లబట్టల పెద్దమనిషి. ఊళ్ళో ఆయన్ని హస్తవాసి అంటారు. చేత్తో తాకి జబ్బులు నయం చేస్తానంటాడు. రెండు నెలల క్రితం గారడీ మాస్టారు అందరి ముందూ ఆయన చొక్కా చేతిలోంచి కోడి పేగు ముక్క బయటికి లాగాడు. కడుపులోంచి గడ్డ తీశానని చూపించే ముక్క అదే. ఆరోజు హస్తవాసి 'గొంతు పూడుకుపోయి చస్తావు' అని తిట్టి వెళ్ళాడు.

"నా నోటిమాటే తగిలింది" అంటున్నాడిప్పుడు, అందరికీ వినపడేలా. "నేనే చంపాననుకోండి!"

"మంచిది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అదే ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టండి. బేడీలు జీపులోనే ఉన్నాయి."

హస్తవాసి నోరు మూసుకున్నాడు. గుమిగూడినవాళ్ళు మాత్రం కదల్లేదు. ఇద్దరు అక్కడే ఆయన కాళ్ళు పట్టుకున్నారు.

అతను ఇవాళ స్కూలు గడప తొక్కలేదని వాచ్‌మన్ చెప్పాడు. అతన్ని వదిలేశారు.

మిగిలింది వీడియో. తర్వాత ఆగి ఆగి చూసి గుట్టు కనిపెట్టాలని ప్రతి గారడీనీ పిల్లలే ఫోన్లో తీసేవారు.

డిపార్ట్‌మెంట్‌లో ఇన్‌స్పెక్టర్‌ని చాటుగా నత్త అనేవారు. చూసిందే నెమ్మదిగా మళ్ళీ మళ్ళీ చూస్తాడని. ఆ రాత్రంతా అతను ఆ వీడియో ముందే కూర్చున్నాడు. మర్నాడు పోస్టుమార్టం, ల్యాబ్ రిపోర్టులు రాగానే స్కూలుకి జీపు తిప్పమన్నాడు.

హాల్లో ముగ్గుర్ని కూర్చోబెట్టాడు. హెడ్‌మాస్టరు, నర్సమ్మ, ముందు బెంచీలో కూర్చునే కళ్ళద్దాల పిల్ల. వీడియోలో సీట్లోంచి లేచి నిలబడింది ఆ పిల్ల ఒక్కతే.

"ఎందుకు లేచావమ్మా?"

"సార్ కళ్ళలో నీళ్ళొచ్చాయండీ."

"మరి మళ్ళీ ఎందుకు కూర్చున్నావు?"

"నర్సమ్మగారు కూర్చోమన్నారు. 'నాడి లేదు, ట్రిక్ బాగా కుదిరింది, కూర్చో' అన్నారు. అందరూ నన్ను చూసి నవ్వారు." కళ్ళద్దాలు తీసి పట్టుకుంది. "నేను వెళ్ళుంటే బతికేవారా సార్?"

ఇన్‌స్పెక్టర్ అబద్ధం చెప్పలేదు. "బతికేవాడేమో. కానీ నువ్వు ఆగలేదు, నిన్ను ఆపారు. ఇక ఇంటికెళ్ళు తల్లీ."

పిల్ల వెళ్ళాక జేబులోంచి రబ్బరు బంతి తీశాడు. తన కుడిచంకలో పెట్టుకుని చెయ్యి నొక్కిపట్టాడు.

"హెడ్‌మాస్టరుగారూ, నా కుడిచేతి నాడి చూడండి."

"అందట్లేదండీ."

"ఎడమచెయ్యి?"

"కొట్టుకుంటోంది. బాగా కొట్టుకుంటోంది."

"మాస్టారి చొక్కాలో కుడిచంక దగ్గర చిన్న సంచీ కుట్టి ఉంది. బంతి అందులోనే దొరికింది. అందరం బంతి చూశాం. ఏ పక్కన ఉందో ఎవరూ పట్టించుకోలేదు." లాప్‌టాప్ తెరిచాడు. "ఇటు చూడండి. మాస్టారు నర్సమ్మగారికి కుడిచెయ్యే ఇచ్చాడు. ఇంతలో దగ్గు. ఎడమచెయ్యి కుర్చీ వెనక వేలాడే కోటు మీదికి వెళ్తోంది. పెన్ను కోసం. నర్సమ్మగారు కుడిచెయ్యి వదిలేశారు, అది గొంతు మీదికి వెళ్ళింది. చుట్టూ తిరిగొచ్చి ఆ ఎడమచెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. 'నాడి లేదు' అన్నారు."

నర్సమ్మ నిటారుగా కూర్చుంది. "కంగారులో సరిగ్గా తెలియలేదు సార్."

"కంగారెందుకమ్మా? నటన అనుకున్నానన్నారుగా."

నర్సమ్మ తెర మీది తన చేతుల్ని చూసింది.

"ఎడమచేతిలో నాడి అందితే, మీరన్నది అబద్ధం. నిజంగా అందకపోతే, మనిషి ప్రాణాల మీదికొచ్చిందని ఆ హాల్లో తెలిసింది మీ ఒక్కరికే. అప్పుడే అరవాలి. మీరు ఆ చెయ్యి నాలుగు నిమిషాలు వదల్లేదు."

హెడ్‌మాస్టరు కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాడు.

"ఆట మొదలవ్వకముందు ఆయనకి చిన్న కప్పులో దగ్గుమందు ఇచ్చారు. కప్పు కడిగేశారు. సీసాలో మందు తప్ప ఇంకేమీ లేదు. కానీ ఆయన మూతి తుడుచుకుని రుమాలు ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. దాని మీద మందుతో పాటు వేరుశెనగ నూనె దొరికింది."

అప్పుడు నర్సమ్మ నోరు విప్పింది.

"పోయినేడు మా అమ్మాయి ఇదే క్లాసులో ఉంది సార్. వాళ్ళ నాన్న పోయి అప్పటికి నెల. చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడతానని దాన్ని ఆ వేదిక ఎక్కించాడు. వాళ్ళ నాన్న దాన్ని ముద్దుగా ఏమని పిలిచేవాడో చెప్పాడు. ఆస్పత్రిలో ఆఖరికి ఏమడిగాడో చెప్పాడు. అది ఏడుస్తూ 'నాన్నా, నన్ను క్షమించు' అంది. అందరి ముందూ."

ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ మూశాడు.

"అప్పుడు వాడు లైట్లు వేయించాడు. 'ఇవన్నీ మీ అమ్మ స్టాఫ్‌రూమ్‌లో చెప్పిన కబుర్లేనమ్మా' అన్నాడు. 'ఏడుస్తున్నవాళ్ళు ఎంత తేలిగ్గా బుట్టలో పడతారో రాసుకోండి పిల్లలూ' అన్నాడు. నవ్వారు. నేను ఓదార్పు కోసం చెప్పుకున్న మాటలు సార్ అవి. మంచివాడని చెప్పుకున్నాను."

"ఆ వీడియో ఉందా?" ఇన్‌స్పెక్టర్ హెడ్‌మాస్టరు వైపు తిరిగాడు.

"ఉందండీ." హెడ్‌మాస్టరు నేల చూశాడు. "మంచి పాఠమని మిగతా సెక్షన్లక్కూడా వేశాం."

"వాడు నిన్న నా కళ్ళలోకి చూస్తూనే ఉన్నాడు" అంది నర్సమ్మ. "నేనెందుకు పట్టుకున్నానో వాడికి అర్థమైంది. అర్థమయ్యేదాకా చావకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

లేచి తనే చేతులు చాచింది. "ఒక్క సాయం చెయ్యండి సార్. మా అమ్మాయికి ఇంకెవరో చెప్పేలోపు నేను చెప్పుకోవాలి."

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ స్వయంగా వెళ్ళి ఆ అమ్మాయిని తీసుకొచ్చాడు. పదిహేనేళ్ళుంటాయి. స్కూలు మానేసి ఏడాదైంది. తలుపు గొలుసు తియ్యకుండానే అతని ఐడీ కార్డు అడిగి తీసుకుంది. గోటితో గీకి చూసింది. జీపెక్కేముందు నంబరు ప్లేటు తాకి చూసింది. దారిలో పిన్ని ఫోను చేస్తే, "నువ్వు నిజంగా మా పిన్నివేనా?" అనడిగి, జవాబు వినకుండానే పెట్టేసింది.

స్టేషన్‌లో లాకప్ ముందు నిలబెట్టారు.

నర్సమ్మ కమ్మీల దగ్గరికి పరుగున వచ్చింది. కూతుర్ని చూడగానే నిబ్బరమంతా కరిగిపోయింది. చెయ్యి బయటికి చాపి ఆ బుగ్గ తాకింది.

"నీకోసమే చేశాను బంగారం. వాణ్ణి చంపేశాను. ఇక నిన్ను చూసి ఎవరూ నవ్వరు. పిన్ని దగ్గరుండు. అన్నం మానెయ్యకు. నా తల్లివి కదూ!"

వెక్కి వెక్కి ఏడ్చింది. రైటర్ తలొంచుకుని కాగితాలు సర్దుకున్నాడు.

అమ్మాయి మాత్రం కళ్ళు తిప్పలేదు. కమ్మీలకి దగ్గరగా జరిగి తల్లి ముఖాన్ని ఓపిగ్గా, ఒక్కో చోటా ఆగి ఆగి చూసింది. కన్నీళ్ళు ఎక్కణ్ణించి మొదలవుతున్నాయో చూసింది. వేలితో ఒక చుక్క తీసి నాలిక మీద పెట్టుకుంది.

తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"చాలా బాగా ఏడుస్తోంది" అంది. "ఎవరు నేర్పారు?"

నర్సమ్మ ఏడుపు ఆగిపోయింది. చాపిన చెయ్యి మెల్లగా కమ్మీల లోపలికి తీసుకుంది.