మారయ్య బ్రేక్ స్పూన్

అనన్యా, నిశాంత్, ఒక ప్రశ్న. వాడే మనిషి పోయాక పనిముట్టు చప్పుడు చేస్తుందా?

"చెయ్యదు లా, అమ్మమ్మా!"

ఇక్కడి పిల్లల ఊతపదం, ప్రతి మాట చివరా ఆ 'లా'! సరే, విని చెప్పండి.

మన ఊళ్లోనే, సెంబవాంగ్ వైపు, పాత కార్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది. చీకటి పడ్డాక అందులో ఎవరూ ఒంటరిగా ఉండరు. బ్రేకుల పని చేసే మారయ్య అక్కడే, జాకీ జారి, కారు కింద నలిగిపోయాడు. అతని పనిముట్లు ఇంకా గోడకే ఉన్నాయి. ఒక్కోదాని వెనక దాని ఆకారం పెయింటుతో గీసి ఉంటుంది — ఏది తిరిగి రాలేదో ఒక్క చూపులో తెలియడానికి. మారయ్యవి మాత్రం ఎవరూ తియ్యరు. తీస్తే వేళ్లు చితుకుతాయట...

వాటిలో ఒకటి బ్రేక్ స్పూన్. చివర వంగిన ఉక్కు పుల్ల, అంతే. పాత కారు చక్రం లోపల చిన్న పళ్లచక్రం ఉంటుంది. వెనక సందులోంచి స్పూన్ దూర్చి ఒక్కో పన్నూ తిప్పాలి. టిక్. ఒకవైపు తిప్పితే బ్రేకు బిగుస్తుంది, రెండోవైపైతే వదులవుతుంది. ఇది గుర్తుంచుకోండి.

ఆదివారాలు నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే తిరుమలేష్ అక్కడ కొత్తగా చేరాడు. ఫోర్‌మన్ వెంకటరాజుకి అతనంటే మంట. ఆ ఉద్యోగం తన బావమరిదికి కావాలి మరి!

"పొద్దున ఓనరు కారు నడిపి చూస్తాడు. బ్రేకు పడలేదో, నీ వర్క్ పర్మిట్ కాన్సిల్. ఊరికి పోవడమే."

"పడుతుందన్నా."

"ఎవడ్రా నీకు అన్న? నోర్ముయ్."

తిరుమలేష్ మామూలు స్క్రూడ్రైవర్‌తోనే నాలుగు చక్రాలూ సరిచేశాడు. అయినా కారుని వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు. లైటార్పి, మూలనున్న టైర్ల గుట్ట వెనక అట్టముక్క పరుచుకుని పడుకున్నాడు.

ఒంటిగంట దాటాక... టిక్.

కారు కిందనుంచే.

టిక్... టిక్...

భయానికి లెక్కపెట్టాడు. పన్నెండు. ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే — మళ్లీ పన్నెండు.

ఫోన్ టార్చి వేశాడు. కారు కింద రెండు కళ్లు!

వెంకటరాజు.

"దెయ్యం లేదు! ఫోర్‌మన్ అంకులే, లా!"

ఆగు నిశాంత్, లెక్క పూర్తి కాలేదు.

వెంకటరాజు పాక్కుంటూ వచ్చి తిరుమలేష్ కాళ్లు పట్టుకున్నాడు.

"వదులు చేశాన్రా... పన్నెండు పళ్లే... తర్వాత చేతిలో స్క్రూడ్రైవర్ ఎవరో లాగేశారు... నా పక్కన ఎవరో పడుకున్నార్రా..."

తిరుమలేష్ చక్రం తిప్పి చూశాడు. సాయంత్రం తను బిగించినట్టే ఉంది. ఒక్క పన్ను తేడా లేదు.

టార్చి గోడవైపు తిప్పాడు. స్పూన్ ఉండాల్సిన చోట — ఉత్త పెయింటు గీత.

పొద్దున బ్రేకు పడింది. తిరుమలేష్ పర్మిట్ నిలిచింది. స్పూన్ మళ్లీ దాని మేకుకే ఉంది... చివర తడి ఆరని గ్రీజుతో.

ఇప్పుడు చెప్పండి, నా ప్రశ్నకి జవాబేమిటి?

ఆలోచిస్తూ ఉండండి. కిటికీ బయట వెదురుకర్ర మీద ఆరేసిన బట్టలు సగం అలాగే వదిలేశాను, తీసుకొస్తా.

లైటా? వేసే ఉంచుతాలే.