కుడి అని పడిన బిల్లు

మార్వా స్టిడమ్ తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది. వానకు తడిసిన కోటు విప్పడం కూడా మరిచిపోయి కుర్చీలో కూలబడింది.

"ఆ పిల్ల చచ్చిపోయేలా ఉందండీ. నా వల్లే అంటోంది ఊరంతా," అంది.

ఆర్లీన్ కాబ్ ఆమెకు కాఫీ పోసిచ్చింది. బెక్లీ పట్టణంలో ఆర్లీన్ ప్రైవేటు డిటెక్టివు. అంతకుముందు చాలా ఏళ్ళు ఇన్సూరెన్సు మోసాలు పట్టుకునే ఉద్యోగం చేసింది. పక్క బల్ల దగ్గర పెన్సిలు పట్టుకుని కూర్చున్న డ్వైట్ లిల్లీ, పోస్ట్‌మ్యాన్‌గా రిటైరై ఆమెకు సహాయకుడిగా చేరినవాడు. వెస్ట్ వర్జీనియా కొండల్లో ఆర్లీన్‌ని మించిన బుర్ర లేదని అతని నమ్మకం. అడక్కపోయినా అందరికీ చెబుతుంటాడు.

మార్వా మేసన్ ఫోర్క్ ఊళ్ళో డాక్టర్ గేలార్డ్ హెన్స్లీ క్లినిక్‌లో బిల్లులు చూసేది. మార్చిలో అక్కడ లోర్నా టాకెట్ అనే స్కూలు బస్సు డ్రైవరుకు ఆపరేషను జరిగింది. ఎడమ అండాశయం మీద తిత్తి పెరిగితే ఆ అండాశయాన్నే తీసేశామన్నారు. తీశాక నొప్పి తగ్గలేదు సరికదా, పెరిగింది. ఆపరేషను వివరాలు రాసే డాక్టరు నోటులో ఎడమది తీసినట్టు ఉంది. ఇన్సూరెన్సుకు వెళ్ళిన బిల్లులో కుడిది తీసినట్టు ఉంది. రెండూ కలవకపోయేసరికి కంపెనీవాళ్ళు మోసమని అనుమానించి, ఇక స్కానింగుకు గాని, వేరే డాక్టరుకు గాని అనుమతి ఇవ్వడం మానేశారు.

తప్పు మార్వా మీద పడింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేరులో ఒక్కో ఆపరేషనుకు ఒక్కో కోడు ఉంటుంది. ఏడాది మొదట్లో ఆ కోడ్లన్నీ అమర్చింది ఆమే. ఏ పక్క అనే గడిని ఖాళీగా వదిలితే, బిల్లు కొట్టిన ప్రతిసారీ కుడో ఎడమో చేత్తో నింపుకోవాలి. అక్కడ 'కుడి' అని బిగించేస్తే ఆ కోడుతో వెళ్ళే ప్రతి బిల్లూ కుడి అనే వెళుతుంది, మార్చబోయినా ఒప్పుకోదు. ఇప్పుడు తెరిచి చూస్తే ఆ కోడులో 'కుడి' అని బిగించి ఉంది. మేనేజరు కొలీన్, డాక్టరుకు స్వయానా చెల్లెలు, మార్వాను ఉద్యోగంలోంచి తీసేసింది.

"నేను ఖాళీగానే వదిలానండీ. లోర్నా బిల్లు కొట్టిన రోజు నోటులో కుడి అనే ఉంది. చూసే కొట్టాను. ముసలిదానికి కళ్ళు మసకేశాయంటున్నారు."

"ఆ కోడు మార్చగలిగేది ఎవరెవరు?" అని ఆర్లీన్ అడిగింది.

"నేనూ కొలీనూ. డాక్టరుగారు కంప్యూటరు ముట్టుకోరు. నోటులు కూడా ఆయన నోటితో చెబితే ఆవిడే టైపు చేస్తుంది."

ఆ మధ్యాహ్నమే వాళ్ళు లోర్నా ఇంటికి వెళ్ళారు. సోఫాలో ముడుచుకుని, పొట్ట మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకుని ఉంది. ముప్పై దాటిందో లేదో, ముఖం మాత్రం పాలిపోయి ముసలిదానిలా ఉంది. మొన్న బస్సు నడుపుతుండగా కళ్ళు తిరిగాయనీ, వెనక పిల్లలున్నారని పక్కకు ఆపేసి, తాళాలు స్కూలువాళ్ళకు ఇచ్చేశాననీ చెప్పింది. బొగ్గుగనిలో పనిచేసే ఆమె భర్త ట్రావిస్ సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియక గిన్నెలు కడిగినవే మళ్ళీ కడుగుతున్నాడట.

"లేనిదానికి నొప్పేంటమ్మా అంటారు డాక్టరుగారు. నాకే పిచ్చెక్కుతోందేమో," అంది లోర్నా. "మిగిలిన ఒక్కదానితో పిల్లల్ని కనొచ్చన్నారు. ఇలా అయితే అదీ ఉండదేమో మేడం."

క్లినిక్‌లో డాక్టర్ హెన్స్లీ వాళ్ళను ఆదరంగా కూర్చోబెట్టాడు. ఆ ఊళ్ళో సగం మంది ఆయన చేతుల్లో పుట్టినవాళ్ళే. లోర్నా నొప్పి ఆపరేషను కోత తాలూకు నొప్పి కావచ్చనీ, తనకూ బాధగానే ఉందనీ అన్నాడు. తర్వాత డ్వైట్ వైపు తిరిగి, "మీ విల్మా ఎలా ఉందోయ్?" అని అడిగాడు.

డ్వైట్ పెన్సిలు ఆగిపోయింది. బాగానే ఉందని గొణిగాడు. వెంటనే కొలీన్ కల్పించుకుని, అన్నయ్యకు రోగులు కాచుకుని ఉన్నారని వాళ్ళను లేవదీసింది. గుమ్మం దాకా వచ్చి డాక్టరు మళ్ళీ అన్నాడు, విల్మాని అడిగానని చెప్పమని.

కారులో డ్వైట్ పెన్సిలు జేబులో పెట్టేశాడు. "రెండేళ్ళ కిందట నా భార్య విల్మా శవపేటిక మోసిన నలుగురిలో ఆయనొకడు," అన్నాడు. ఆర్లీన్ అతని భుజం మీద చెయ్యి వేసింది.

ఇంటికి చేరాక ఆమె మార్వాకు ఫోను చేసి ఒక్క సంగతి అడిగింది. లోర్నా తర్వాత ఇదే ఆపరేషను, ఎడమ పక్క, ఇంకెవరికైనా జరిగిందా? జరిగింది. మరుసటి వారమే ఓపల్ మెడోస్ అనే ఆవిడకు. మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి ఓపల్ కోళ్ళకు మేత చల్లుతోంది. తనకు ఎడమది తీశారనీ, కంపెనీవాళ్ళు ఎడమ అనే ఒప్పుకుని పేచీ లేకుండా కట్టేశారనీ చెప్పింది. నొప్పి కూడా పోయిందట.

ఆ రోజు భోజనాల వేళ ఆర్లీన్ అందరినీ క్లినిక్ ముందుగదిలో కూర్చోబెట్టింది. లోర్నా ట్రావిస్ భుజానికి ఆనుకుని ఉంది. మార్వా తలుపు దగ్గరే నిలబడింది.

"మార్వా జనవరిలోనే 'కుడి' అని బిగించిందంటున్నారు," అని ఆర్లీన్ మొదలుపెట్టింది. "అదే నిజమైతే ఓపల్ బిల్లు ఎడమ అని వెళ్ళగలిగేది కాదు. అది లోర్నా తర్వాత వెళ్ళిన బిల్లు. అంటే లోర్నా బిల్లు కొట్టేనాటికి ఆ గడి ఖాళీగానే ఉంది. 'కుడి' అన్నది మార్వా చేత్తో నింపింది. నోటులో చూసి నింపింది. ఆ నోటు తర్వాత మారింది. తప్పు మార్వాదేనని కనిపించేలా కోడూ మారింది. ఆ రెండూ చేయగలిగేది ఒక్కరే."

కొలీన్ గబుక్కున లేచింది. అదంతా ఊహేనని అంది.

"నోటు ఎందుకు మార్చాలి?" అన్నాడు డాక్టరు, నిజంగానే అర్థం కాక.

"మీరు మొదట నిజమే చెప్పారు డాక్టరుగారూ. కుడిదే తీశారు, కుడి అనే చెప్పారు. జబ్బు ఎడమ పక్క ఉందన్న సంగతి ఆ రోజు మీకు గుర్తులేదు," అంది ఆర్లీన్, గొంతు బాగా తగ్గించి. "నిన్న మీరు విల్మా లిల్లీ ఎలా ఉందని రెండుసార్లు అడిగారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది."

ఆయన డ్వైట్ వైపు చూశాడు. డ్వైట్ తల దించుకున్నాడు.

డాక్టరు లేచి లోర్నా చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి తీసుకెళ్ళి, అనుమతి లేదని కొలీన్ ఇన్నాళ్ళూ వాడనివ్వని స్కానింగు మిషను తనే పెట్టాడు. బయటికి వచ్చి ఆయన అందరి ముందూ చెప్పాడు.

"కుడి పక్క ఏమీ లేదు. ఎడమది ఉంది. తిత్తి పెద్దదై అండాశయం మెలిక పడింది. నేనే తప్పు పక్క తీశాను."

కొలీన్ అప్పుడు ఏడ్చింది. తీసిన ముక్కను పరీక్షకు పంపితే రోగం లేదని వచ్చిందనీ, తప్పు పక్క తీశారని అప్పుడే తెలిసి నోటూ కోడూ మార్చాననీ చెప్పింది. "నాన్నకు కూడా మతిమరుపు ఇలాగే మొదలయింది అన్నయ్యా. నిన్ను ఇంట్లో కూర్చోబెడితే నువ్వు బతకవని..."

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"పోయిన చలికాలం నుంచి."

"తెలిసీ నా చేతికి కత్తి ఇచ్చావా?"

ట్రావిస్ మీద వాలి వచ్చిన లోర్నా కొలీన్ ముందు ఆగింది. "నొప్పని నేను ఏడుస్తుంటే నా తల నిమిరావు నువ్వు," అంది.

డాక్టరు చార్లెస్టన్‌లోని ఒక సర్జనుకు ఫోను చేశాడు. ఇన్సూరెన్సు సంగతి తర్వాత, ఇప్పుడే ఆపరేషను బల్ల మీదికి తీసుకోవాలని గట్టిగా చెప్పాడు. తను చేసిన తప్పు కూడా దాచకుండా చెప్పాడు. అవతలివాళ్ళు రోగి పేరు అడిగినట్టున్నారు. ఆయన నోరు తెరిచి, ఆగి, లోర్నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళల్లో భయం చూడలేక డ్వైట్ కిటికీ వైపు తిరిగిపోయాడు.

"లోర్నా టాకెట్," అంది ఆమె.

కొండ దారుల్లో ట్రావిస్ నడిపిన ట్రక్కు వెనకే ఆర్లీన్ కారు వెళ్ళింది. ఆసుపత్రిలో మార్వా కూర్చోలేక వరండాలో అటూ ఇటూ తిరిగింది. ఆపరేషను గది తలుపులు చాలాసేపు తెరుచుకోలేదు. సర్జను చెప్పింది విని ట్రావిస్ నేరుగా భార్య మంచం దగ్గరికి వెళ్ళాడు.

మత్తు వదిలాక లోర్నా మొదట అడిగిన మాట, "ఏ పక్క?"

"ఎడమ పక్కే. మెలిక విప్పి తిత్తి ఒక్కటే తీశారు. అండాశయం నల్లబడిందిగాని మళ్ళీ రంగు తిరిగిందట. నీ దగ్గరే ఉంది."

"మళ్ళీ చెప్పు," అంది.

అతను మళ్ళీ చెప్పాడు.