ఏ పీరియడ్‌లో నిద్ర?

మొరాకోలోని మెక్‌నెస్ ఊళ్ళో ప్రైవేట్ డిటెక్టివ్ ఇద్రీస్ జనాతి ఆఫీసుకి వచ్చిన నుజ్హా టీచరు కుర్చీ అంచున కూర్చుంది. పోలీసు నోటీసు అతని ముందు పెట్టింది.

"క్లాసులో పిల్లల్ని వీడియో తియ్యాలంటే తల్లిదండ్రుల సంతకం ఉండాలండీ. ఆ చట్టం నాకూ తెలుసు. నేను తియ్యలేదంటే నమ్మేవాళ్ళేరీ?"

ఇద్రీస్ వీడియో చూశాడు. ఉపవాసాలు మొదలైన సోమవారం, పదమూడేళ్ళ షైమా బల్లమీద తల వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పైన గోడ గడియారంలో పదకొండూ పది. పదకొండింటికి నుజ్హా సైన్సు పీరియడ్. బడి టాబ్లెట్‌లో ఆమె ఖాతా నుంచే బుధవారం అది తల్లిదండ్రుల గ్రూపుకి వెళ్ళింది. షైమా తండ్రి కేసు పెట్టాడు. రుజువైతే ఉద్యోగమే కాదు, జైలు కూడా.

"టాబ్లెట్ ఎక్కడుంటుంది?"

"క్లాసు బీరువాలో. నా ఖాతా మూయకుండా వదిలేస్తాను. అది మాత్రం నా తప్పే."

సహాయకుడు మునీరు పెదవి విరిచాడు. గడియారం సాక్ష్యం చెబుతుంటే ఇంకేం కేసు? తనకు కనబడనిది ఈయనకెలా కనబడుతుందోనని అతనికి గురువుగారి మీద గౌరవమూ ఉంది, కాస్త కుళ్ళూ ఉంది.

బళ్ళో మెట్ల దగ్గర నౌకరు అల్లాల్ నడుం పట్టుకుని ఎదురయ్యాడు.

"రంజాన్ వస్తే దేశమంతా గడియారం గంట వెనక్కి తిప్పుతుంది, ఇక్కడ తిప్పేవాణ్ణి నేనొక్కణ్ణే బాబూ. ఖాళీ కడుపుతో నిచ్చెనెక్కడం. కింద గదులు సోమవారం, పైవి మంగళవారం."

షైమా క్లాసు పై అంతస్తులో ఉంది. తలుపు మీద టైంటేబుల్: పదింటికి ఫ్రెంచి, పదకొండింటికి సైన్సు.

ఫ్రెంచి చెప్పే లతీఫాది ముప్ఫై రెండేళ్ళ సర్వీసు. "నుజ్హా మంచిదేనండీ. కిందటేడు ఉత్తమ టీచరు బహుమతి వచ్చినప్పట్నుంచే, టాబ్లెట్ లేందే చాక్‌పీసు కూడా ముట్టదు. నా పిల్లలు సోమవారం కిక్కురుమనకుండా తలొంచుకుని రాసుకున్నారు," అంది.

సాయంత్రం హెడ్మాస్టరు గదిలో అందరూ చేరారు. షైమా తండ్రి ఫిర్యాదు కాగితంతో వచ్చాడు.

"సోమవారం ఆ గది గడియారం పదకొండూ పది చూపిస్తున్నప్పుడు, మన ఫోన్లలో ఎంతయింది?" అడిగాడు ఇద్రీస్.

"పదీ పది," అన్నాడు మునీరు, అని నాలుక్కరుచుకున్నాడు.

"అంటే ఫ్రెంచి పీరియడ్. పిల్లలందరూ తలొంచుకుని రాస్తున్నారు, టీచరు ఏం చేసేదీ ఎవరూ చూడలేదు. గడియారం తప్పని తెలిసే దాన్ని వీడియోలోకి తెచ్చారు. అల్లాల్ దిద్దేదాకా ఆగి బుధవారం పంపారు. అవునా, లతీఫా గారూ?"

లతీఫా బుకాయించలేదు. నుజ్హా వైపే చూసింది.

"బహుమతి గురించి కాదమ్మా. బహుమతులు నాకూ వచ్చాయి. ఆ పిల్ల నా పీరియడ్‌లో పడుకుంటుంది, గంట కొట్టగానే లేచి నీకోసం మొహం కడుక్కొస్తుంది. రోజూ చూశాను. ఓర్చుకోలేకపోయాను."



షైమా తండ్రి కాగితం మీద నుజ్హా పేరు కొట్టేశాడు. "మీ ఇంటిపేరేంటి టీచరుగారూ?" అన్నాడు, లతీఫా ముఖం చూడకుండా. అతనికీ చిన్నప్పుడు ఫ్రెంచి చెప్పింది ఆవిడే.

లతీఫా చెప్పింది. అతను తప్పు రాస్తే అక్షరం దిద్దింది కూడా.