రన్‌వే పెళుసైన రోజు

కెమిస్టు చనిపోయేముందు అరవలేదు. అరవడానికి నోరు మిగలలేదు. ల్యాబ్‌లో స్టవ్ మీద సలసలా కాగుతున్న తారుగిన్నెలోకి ఎవరో అతని మెడ పట్టుకుని తల ముంచేశారు. పొద్దున్నే డ్యూటీకొచ్చిన అసిస్టెంటు తలుపు తీసేసరికి తారు గడ్డకట్టింది. గిన్నె ముఖాన్ని వదలనంటోంది.

ఆ శవం పక్కనే నిలబడి గూఢచారి శాఖ చీఫ్ తన బెస్ట్ ఏజెంట్‌కి కేసు అప్పజెప్పింది. ఏజెంట్ కోడ్‌నేమ్ 'కోడలు'. బుర్ర బద్దలుకొట్టుకుని పెట్టిన పేరు కాదు. ఆమె నిజంగానే చీఫ్‌కి కోడలు. ఇంట్లో ఎలా ఉన్నా, ఆఫీసులో ఆ అత్తాకోడళ్ళ మధ్య ఒక్క పొల్లుమాట ఉండదు.

"ఎవరు చంపారో తెలీదు. ఎందుకు చంపారో తెలుసు," అంది చీఫ్.

నిన్న సాయంత్రమే కెమిస్టు ఆమెకి ఫోన్ చేశాడట. ఎయిర్‌బేస్‌లో రన్‌వే మీద విమానం చక్రాలు మొదట ఆనే భాగాన్ని ఈ ఎండాకాలం ముందే కొత్తగా వేశారు. అతను అక్కడ నడుస్తుంటే బూటు మొన తగిలి ఒక రాయి లేచొచ్చింది. కొత్త రన్‌వేలో రాయి లేవకూడదు. తారు అంటే రాళ్ళని పట్టి ఉంచే జిగురు. అందులో కొంత నూనె, కొంత గట్టి పదార్థం కలిసి కాపురం చేస్తుంటాయి. ఎండకీ గాలికీ ఆక్సిజన్ చేరేకొద్దీ నూనె తరిగిపోతుంది, గట్టిది పెరుగుతుంది. జిగురు చచ్చి రోడ్డు పెళుసవుతుంది, పగుళ్ళిస్తుంది, రాళ్ళు ఊడతాయి. రోడ్డుకి ముసలితనం అంటే అదే. దానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టాలి. ఈ రన్‌వేకి ఒక్క ఎండాకాలంలో వచ్చేసింది.

ఈ మధ్యాహ్నం పొరుగు దేశాధ్యక్షుడి విమానం సరిగ్గా అక్కడే దిగబోతోంది. శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వస్తున్నాడాయన. ఆ సంతకం పడకూడదని ఆయుధాలమ్మే ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. పెళుసు రన్‌వే మీద అంత బరువు ఆనితే పెచ్చులు లేస్తాయి, టైర్లు పేలతాయి, ఇంజన్లు రాళ్ళని మింగుతాయి. విమానం మంటలైతే రోడ్డు నాసిరకమనుకుంటారు తప్ప బాంబు కోసం ఎవరూ వెతకరు. పొరుగు దేశం మాత్రం క్షమించదు. ఎయిర్‌బేస్ వాళ్ళేమో అన్ని టెస్టులూ పాసయ్యాయని, చచ్చిపోయిన మనిషి అనుమానం మీద విమానం మళ్ళించేది లేదని తెగేసి చెప్పారు.

"సాక్ష్యం కావాలి. రన్‌వే పక్కనున్న తారు ప్లాంట్‌లో మనవాడొకడున్నాడు. సెంటు అంటారు. ముఠాలో చేరినట్టు నటిస్తున్నాడు. వాణ్ణి కలువు."

వెళ్ళేముందు చీఫ్ ఆమె చేతిలో పౌడర్ డబ్బా లాంటిదొకటి పెట్టింది. కెమిస్టు తయారుచేసిన చివరి వస్తువు. తారుకి ఆనిస్తే కంటికి కనబడని కిరణాలు పంపి, దానికి ఎంత ఆక్సిజన్ పట్టిందో చూస్తుంది. పడుచు తారైతే పచ్చలైటు, ముసలిదైతే ఎర్రలైటు.

నారింజరంగు జాకెట్టు, హెల్మెట్టు వేసుకుని కోడలు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా ప్లాంట్‌లో అడుగుపెట్టింది. పొగ, దుమ్ము, మసి. వాటి మధ్య మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా మీద చిన్న మరకైనా లేకుండా ఒక అందగాడు ఎదురొచ్చాడు. మనిషికన్నా ముందు సెంటు వాసన వచ్చింది.

"తారు ఎంత వేడిగా ఉంది?" అని అడిగింది కోడలు.

"చెయ్యి పెట్టి చూడండి, మేడమ్," అన్నాడతను నవ్వుతూ. కోడ్ సరిపోయింది.

ఆమెని పెద్ద ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళి సెంటు తియ్యగా మాట్లాడాడు. కెమిస్టుకి చాదస్తం ఎక్కువట. హంతకులు తెల్లారకముందే సరిహద్దు దాటేశారట. రన్‌వే రాయిలా ఉందట. మాట్లాడుతూ చెయ్యెత్తి జుట్టు సవరించుకున్నాడు. కఫ్ కాస్త పైకి జరిగింది. మణికట్టు మీద పచ్చిగా బొబ్బలు. ఆమె చూపు చూసి, కాఫీకి పాలు కాస్తుంటే పొంగాయన్నాడు.

పాలు కాల్చిన బొబ్బ మధ్యలో నల్లచుక్క ఉండదు. అది తారు చుక్కేనని కోడలికి అర్థమైంది. ముఖం మాత్రం మారలేదు. ముక్కు మీద చెమట అద్దుకునే వంకతో డబ్బా తీసి, ట్యాంకు వాల్వ్‌కి అంటుకున్న తారుముద్దకి ఆనించింది. ఎర్రలైటు.

అప్పుడు కనబడ్డాయి, ట్యాంకు అడుగున గాలి కొట్టే పైపు, పక్కన పలచటి నూనె డ్రమ్ములు. కాగే తారులోకి రోజుల తరబడి గాలి కొట్టారు. ఏళ్ళమీద రావాల్సిన ముసలితనం అక్కడే వచ్చేసింది. తర్వాత తొందరగా ఆవిరైపోయే నూనె కలిపి మెత్తగా చేశారు. మెత్తదనం చూసే టెస్టులో సూది జర్రున దిగింది, అందరూ సంతకాలు పెట్టారు. రన్‌వే మీద ఎండ ఆ నూనెని తాగేసింది. మిగిలింది పెంకు.

"ముసలిదానికి రంగేసి పడుచుదని అంటగట్టారన్నమాట," అంది కోడలు.

సెంటు నవ్వు చెదరలేదు. "కెమిస్టుకి కూడా ఇంతే తొందరగా అర్థమైంది, పాపం."

అతని చేతిలోకి పిస్టల్ వచ్చింది. అదే క్షణంలో వెనక అడుగుల చప్పుడు. కోడలు కిందికి వంగింది. బాయిలర్ ఆపరేటర్ విసిరిన పార ఆమె హెల్మెట్‌ని లేపేసి వాల్వ్‌ని పగలగొట్టింది. తారు నల్లపాములా ఎగిరి వాడి ఛాతీ మీద పడింది. వాడు చొక్కా పీక్కున్నాడు. చొక్కాతోపాటు చర్మం కూడా వచ్చింది. వాడి కేక మధ్యలోనే పిస్టల్ పేలింది. కోడలి ఎడమ భుజంలో నిప్పుకణిక దిగినట్టయింది. పడుతూనే చేతికందిన రెంచీని తిప్పి కొట్టింది. సెంటు కుడిచేతి ఎముకలు పటపటమన్నాయి. పిస్టల్ జారి తారులో మునిగింది.

ఆమె ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు.

"ఇక్కణ్ణుంచి కాల్ పోదు. జామర్ పెట్టాం," అన్నాడు సెంటు, విరిగిన చెయ్యి పట్టుకుని. "తల పైకెత్తి చూడు."

చక్రాలు దించుకుని విమానం వచ్చేస్తోంది.

కంకరతో నిండిన టిప్పర్ ఒకటి ఇంజన్ ఆపకుండా నిలబెట్టి ఉంది. కోడలు ఎక్కి గేరేసింది. కంచె తెంచుకుని టిప్పర్ రన్‌వే వైపు దూకింది. సెంటు వదల్లేదు. ఫుట్‌బోర్డ్ మీదికి ఎగబాకి, కిటికీలోంచి మంచిచెయ్యి చాపి ఆమె గాయంలో బొటనవేలు గుచ్చి తిప్పాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. స్టీరింగ్ వదిలే వీల్లేదు. ఆమె తల తిప్పి ఆ చేతిని పళ్ళతో పట్టుకుంది. ఎముక తగిలేదాకా కొరికింది.

కొత్తగా వేసిన భాగం మధ్యకొచ్చాక బ్రేక్ మీద నిలబడింది. సెంటు ఎగిరి అల్లంత దూరంలో దొర్లాడు. బిగుసుకుపోయిన టైర్ల కింద రన్‌వే బిస్కెట్‌లా విరిగింది. పెచ్చులకి పెచ్చులు లేచాయి, రాళ్ళు గుట్టలుగా విడిపోయాయి. టిప్పర్ అడ్డంగా తిరిగి ఆగింది.

విమానం ముక్కు అద్దం నిండా కనబడుతోంది. దిగిపోయి పరిగెత్తితే తను బతుకుతుంది. లైట్లు లేకపోతే మట్టిరంగు టిప్పర్ని పైలట్ ఎంత దూరంనుంచి పోల్చుకుంటాడో తెలీదు. ఆమె దిగలేదు. హెడ్‌లైట్లు వేసి ఆర్పుతూనే ఉంది.

చక్రాలు నేలకి రెండు తాటిచెట్ల ఎత్తుకి వచ్చాయి. అప్పుడు ఇంజన్లు గర్జించాయి. ముక్కు లేచింది. కోడలు సీటు కిందికి జారింది. విమానం టిప్పర్ నెత్తిమీదుగా గాలిని చీల్చుకుంటూ పైకెళ్ళింది. ఆ ఇంజన్ల వేడిగాలికి విడిపోయిన రాళ్ళన్నీ ఒక్కసారి తుపాకిగుళ్ళయ్యాయి. టిప్పర్ అద్దాలు పొడిపొడిగా రాలాయి. బయట సెంటు అప్పుడే తూలుతూ లేచి నిలబడుతున్నాడు.

దుమ్ము తగ్గాక ఆమె చూసింది. తెల్లచొక్కాలో తెలుపు ఎక్కడా లేదు.

విమానం వేరే ఎయిర్‌పోర్ట్‌లో దిగింది. సంతకాలు పడ్డాయి. ప్లాంట్‌లో మిగిలిన ముఠావాళ్ళని కమాండోలు తారు పీపాల వెనకనుంచి ఒక్కొక్కణ్ణీ ఈడ్చుకొచ్చారు.

ఆస్పత్రిలో కోడలు కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన అత్తగారు కూర్చుని ఉంది. కట్టు సరిచేసి, దుప్పటి కప్పింది.  గొంతు మాత్రం ఆఫీసుదే. రన్‌వే మొత్తం నాశనం చేశావని ఎయిర్‌బేస్ వాళ్ళు గొడవ చేస్తున్నారు, రిపోర్ట్‌లో ఏం రాయమంటావని అడిగింది.

"నేను చేసిందేం లేదు, అత్తయ్యా. అది ముందే ముసలిదైపోయింది. ముసలిదయ్యాక పెళుసుతనం వస్తుంది, కాస్త ముట్టుకుంటే విరుగుతుంది. అలాగే రాయండి."

చీఫ్ పెన్ను మూత పెట్టేసింది.

"ఆ మాట మాత్రం మారుద్దాం. వచ్చే ఏడు నా రిటైర్‌మెంట్. పైవాళ్ళు ఈ ఫైలు చదివితే లేనిపోని ఆలోచనలొస్తాయి."